పేరు పెట్టని ఫొటో

నా నోట్లో నువ్వుగింజ నానదని మా వీధిలో అందరికీ తెలుసు. ఎవరింట్లో ఎవరు అలిగారో, ఎవరి ఉద్యోగం ఊడిందో సాయంత్రానికల్లా నా షాపులోంచే నాలుగిళ్ళకూ చేరుతుంది. ఆ సంగతి తెలిసి కూడా ఆమె తన కథ నాకు చెప్పుకుంది. నేను నోరు జారలేదు. ఇప్పటికీ ఎవరి మీద ఒట్టేయమన్నా వేస్తాను, ఒక్కరికీ చెప్పలేదు. అయినా ఆ తల్లీబిడ్డల కొంప ముంచింది నేనే.

నాది జిరాక్స్ షాపు. కాపీలు తీస్తాను, పాస్‌పోర్టు ఫొటోలు తీస్తాను, ఆన్‌లైన్ ఫారాలు నింపుతాను. మా ఆయన పోయి పదకొండేళ్ళయింది, అప్పట్నుంచీ ఒక్కదాన్నే నడుపుకుంటున్నాను. చిన్నా పెద్దా అందరూ జిరాక్సక్క అంటారు. పాస్‌వర్డ్ మర్చిపోతే నా దగ్గరికే, ఫోన్లో ఏదో నొక్కి ఏదో పోగొట్టుకుంటే నా దగ్గరికే. సగం వీధి పాస్‌వర్డ్లు నా నోటుబుక్కులో ఉన్నాయి. "ఫోన్లో మీ అడ్రసు పెట్టకండి, పిల్లల ఫొటోలు పెట్టకండి" అని వచ్చినవాళ్ళందరికీ తలంటుతాను కూడా. అంత తెలివైనదాన్ని.

మూడేళ్ళ కిందట వానాకాలంలో ఒక ఉదయం ఆమె గొడుగు లేకుండా వచ్చి గుమ్మంలో నిలబడింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. పక్కన ఆరేళ్ళ పిల్ల, చేతిలో ఒక గుడ్డసంచీ.

"వెనకాల మూల ఖాళీగా ఉందటగా అక్కా. ఒక కుర్చీ వేసుకుని కుట్టుకుంటాను. మిషను కూడా లేదు, చప్పుడుండదు."

"మిషను లేకుండా ఏం కుడతావు?"

"కాజాలు."

కాజా అంటే గుండీ దూరే కన్నం. ఇప్పుడన్నీ మిషను కాజాలే, ఎవరికీ పట్టవు. కానీ మంచి కోట్లకు ఇంకా చేత్తోనే కుట్టించుకునేవాళ్ళు కొందరున్నారు. ఆమె సంచీలోంచి ఒక కోటు తీసి నా కౌంటరు మీద పరిచింది. నేను ఊరికే మెచ్చుకునే మనిషిని కాదు. అయినా అద్దాలు పెట్టుకుని మరీ చూశాను. కన్నం చుట్టూ ముడి పక్కన ముడి, మధ్యలో సూది మొన దూరే సందు లేదు. లోపలి కొసన మాత్రం అందరూ వేసే అడ్డకుట్టు కాదు. మూడు దారాలు ఒకదాని మీంచి ఒకటి తీసి, చిన్న జడ అల్లింది. బియ్యపుగింజంత జడ.

"ఇదెక్కడ నేర్చావే?" అన్నాను. అప్పటికే ఏకవచనంలోకి దిగిపోయాను, నా సంగతి అంతే.

"మా మామగారి చెయ్యి అక్కా ఇది. ఆయన కనిపెట్టిందే. కొడుక్కి రాలేదు, నాకు వచ్చింది."

మూల ఇచ్చేశాను. అడ్డంగా ఒక కర్టెను కట్టాం. కర్టెను వెనక ఆమె కుర్చీ, ఒక దీపం, సందులోకి తెరుచుకునే పాత తలుపు. ఆ తలుపుకు గడియ వేసి ఏళ్ళయింది, తుప్పు పట్టింది. దర్జీలు కోట్లు తెచ్చి నాకే ఇచ్చేవాళ్ళు, నాకిచ్చిందే ఆమెకు చేరేది. బోర్డు లేదు. చాలామందికి ఆమె ముఖం కూడా తెలియదు, కాజాలమ్మాయి అనేవాళ్ళు. నాకొక పేరు చెప్పింది. అది ఆమె పేరు కాదని తరవాత తెలిసింది.

మొదటి రోజే తల పైకెత్తి మూలనున్న కెమెరా చూసింది.

"అది పనిచేస్తుందా అక్కా?"

"రెండేళ్ళ కిందటే చచ్చింది. దొంగలు భయపడతారని ఉంచాను."

అయినా స్టూలెక్కి దానికి కాగితం అంటించింది. నాకు నవ్వొచ్చింది.

"ఏమ్మా, ఎక్కడైనా బ్యాంకు గానీ కొట్టుకొచ్చావా?"

"కొట్టుంటే నీ మూలలో ఎందుకు కూర్చుంటానక్కా, ఎదురుగా బంగళా కట్టుకుని నీ చేత కాపీలు తీయించుకునేదాన్ని."

మనిషి మాటకారే. కానీ ఫోను వాడేది కాదు. ఉన్న ఒక్క బటన్ల ఫోనూ గుండీల డబ్బాలో ఆపేసి పడి ఉండేది. బడిలో తల్లిదండ్రుల నంబరు కావాలంటే నాది రాయించింది. బడివాళ్ళు క్లాసు ఫొటో తీసే రోజున పిల్లకు జ్వరమని మాన్పించేది. ఏటా అదే రోజు జ్వరం. ఆ పిల్లను నేను చిట్టి అనేదాన్ని, నన్ను పెద్దమ్మా అనేది. మీ నాన్న ఏం చేస్తాడే అని ఎవరైనా అడిగితే, "నాకు లెక్కలున్నాయి" అని పుస్తకం తెరిచేది. లెక్కలు లేని రోజు కూడా తెరిచేది. ఆరేళ్ళ పిల్లకు అంత లౌక్యం ఎవరు నేర్పారా అని నేను ముచ్చట పడేదాన్ని, నా మొహం.

రెండో ఏడు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. వీధిలో మనిషి లేడు. ఇద్దరం కాగితాలతో విసురుకుంటూ కూర్చున్నాం. అప్పుడు చెప్పింది.

మొగుడికి చొక్కాల షాపు. మామగారు ఉన్నన్నాళ్ళు బాగానే ఉంది. ఆయన పోయిన నెలకు ఇంట్లో గదికొక కెమెరా పెట్టించాడు. దొంగల కోసం అన్నాడు. వంటింట్లో దొంగలేమిటి? షాపులో కూర్చుని ఫోన్లో చూసేవాడు. చూసి ఊరుకునేవాడు కాదు, ఆ కెమెరాలోంచే మాట్లాడేవాడు.

"కిటికీ ఎందుకు తీశావు అనేవాడక్కా. గోడలోంచి వచ్చేది ఆ గొంతు. నేను కూర తరుగుతుంటే, పిల్లను చూసి ఎందుకు నవ్వావు, అదేం చెప్పింది అనేవాడు. పిల్ల నిద్రలో కూడా ఉలిక్కిపడేది."

ఒకసారి పిల్లను ఇంట్లో ఉంచి, చెప్పకుండా చెల్లెలి ఇంటికి వెళ్ళింది. ఫోను పట్టి రెండు గంటల్లో కనుక్కున్నాడు. వచ్చి కొట్టలేదు, తిట్టలేదు. వీడియో కాల్ చేశాడు. తీసి చూస్తే నాలుగో అంతస్తు డాబా. పిట్టగోడ మీద పిల్లను కాళ్ళు బయటికి వేలాడేసి కూర్చోబెట్టాడు, నడుం చుట్టూ అతని చేతులు.

"ఇంకోసారి వెళ్తే ఫోను కూడా చెయ్యను, చేతులు తీసేస్తానంతే అన్నాడక్కా. మామూలుగా అన్నాడు. ఉప్పు తక్కువైంది అన్నట్టు అన్నాడు."

తిరిగొచ్చింది. ఎనిమిది నెలలు ఓర్చుకుంది. ఒకరోజు అతని షాపులో రద్దీగా ఉండే వేళ చూసి, స్నానానికి వెళ్తున్నానని కెమెరాకు వినబడేలా పిల్లతో చెప్పి, కుళాయి తిప్పి, ఫోను వంటింటి అరలో పెట్టి, పిల్లను తీసుకుని కట్టుబట్టలతో బయటపడింది. మూడు బస్సులు మారింది. అలా వచ్చింది నా గుమ్మంలోకి.

నేను బావురుమన్నాను. ఆమె ఏడవలేదు. "నీకెందుకు చెప్పానంటే అక్కా, ఎప్పుడైనా నాకేమైనా అయితే చిట్టిని అతనికివ్వకు" అంది. నా నోటికి తాళం వేసుకుంటానని మాటిచ్చాను. వేసుకున్నాను కూడా. ఇస్త్రీ షాపతను తవ్వి తవ్వి అడిగాడు, విధవరాలన్నాను. నా జీవితంలో అంత పకడ్బందీగా ఏ రహస్యమూ దాచలేదు.

పోయిన శీతాకాలానికి ఆమెకు పనిచ్చే ముసలి దర్జీల్లో ఇద్దరు షాపులు మూసేశారు. కోట్లు రావడం తగ్గింది. కర్టెను వెనక ఆమె ఊరికే కూర్చునేది, పాత గుడ్డముక్కల మీద కాజాలు కుట్టి విప్పి మళ్ళీ కుట్టేది. చూస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది. అంత పనితనం చీకట్లో మగ్గుతోందని నా బాధ. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకుని ఉంటే ఎంత బాగుండేది.

ఫోన్లో దర్జీల గ్రూపు ఒకటుంది. వేలమంది ఉంటారు. ఆమె పిల్లను తేవడానికి వెళ్ళినప్పుడు, కుర్చీ మీదున్న కోటు తీసుకుని ఒక్క కాజాకు ఫొటో తీశాను. ఎంత జాగ్రత్తగా తీశాననుకున్నారు. కోటు రంగు కూడా సరిగ్గా తెలియనంత దగ్గరగా తీశాను. ఆమె ముఖం లేదు, పేరు లేదు, ఊరు లేదు. "ఇలాంటి చెయ్యి ఇంకా ఉంది. చేతి కాజాలు కావాల్సినవాళ్ళు మా షాపును అడగండి" అని రాసి, మా షాపు పేరుతో ఉన్న ఖాతాలోంచి పెట్టాను. పెట్టి నాలుగుసార్లు చదువుకున్నాను. ఇందులోంచి ఆమెను ఎవరు పట్టగలరు అనుకున్నాను.

తొమ్మిది వందలమంది మెచ్చుకున్నారు. వారం తిరక్కుండానే పక్క ఊరినుంచి నాలుగు కోట్లు పార్సిలులో వచ్చాయి. తెలిసినవాళ్ళెవరో చెప్పార్ట అని ఆమెకు అబద్ధమాడాను. ఆమె ముఖం విప్పారింది. ఆ వారం చిట్టికి కొత్త బూట్లు కొంది. నిజం చెబుదామనుకుంటూనే రోజులు గడిపాను.

ఫొటో పెట్టిన మూడో వారంలో, మంగళవారం, మధ్యాహ్నం రెండున్నరకు ఒకతను వచ్చాడు. తెల్లచొక్కా, దువ్విన తల, పద్ధతైన మనిషి. చెప్పులు గుమ్మం బయట విడిచాడు. నా షాపులో ఎవరూ చెప్పులు విడవరు.

"ఒక ఫొటో ప్రింటు తీయాలి అక్కయ్యా. కొంచెం పెద్దది చేసి ఇస్తారా."

ఫోను నా ముందు పెట్టాడు. చూస్తే నా ఫొటోనే, ఆ కాజా. నిజం చెప్పాలంటే ముందు నాకు గర్వం వేసింది. అబ్బ, ఎక్కడినుంచో వెతుక్కుంటూ వచ్చాడు అనుకున్నాను. పార్సిలు పంపినవాళ్ళ తాలూకేమో అనుకున్నాను. 'అమ్మాయ్, నీ కోసమే' అని కేకేయడానికి నోరు తెరిచాను. తెరిచి కర్టెను వైపు తిరిగాను.

కర్టెను నేలకు జానెడు పైకి ఉంటుంది. కింద ఎప్పుడూ ఆమె పాదాలు కనబడతాయి. అవి లేవు. కుర్చీ కాళ్ళే ఉన్నాయి. కాళ్ళు పైకి ముడుచుకుని కుర్చీలో కూర్చుంది. అతని గొంతు విన్నది.

తెరిచిన నోట్లోంచి ఏదో ఒకటి రావాలిగా.

"ఎంత పెద్దది కావాలి?" అన్నాను.

"కొస కనబడాలి. ఈ జడ చూశారూ, ఇది మా నాన్నగారి చెయ్యి. ఆయన పోయారు. ప్రపంచంలో ఇంకొక్కరికే వచ్చు." నవ్వాడు. "మా ఆవిడకి. పాపం, మతి స్థిమితం లేదు, పిల్లను తీసుకుని వెళ్ళిపోయింది. ఈ కోటు మీ దగ్గరికి ఎవరు తెచ్చారు?"

"నేనెక్కడో నెట్‌లో చూసి తీసుకుని పెట్టా. నాకేం తెలుసు ఎవరిదో."

"అలాగా. మా షాపును అడగండి అని రాశారు కదా."

"అడిగితే ఎవరో ఒకరి చేత కుట్టిద్దామని. వ్యాపారం మరి."

నా చెవులు కాలుతున్నాయి. అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. గోడ గడియారం రెండు నలభై. మూడున్నరకు బడి వదులుతారు. వదలగానే చిట్టి పెద్దమ్మా అని అరుచుకుంటూ తిన్నగా నా షాపులోకి వస్తుంది.

వెనక తలుపు గడియ గుర్తొచ్చింది. అది తీస్తే వీధి చివరికి వినబడుతుంది. నా పాత మిషను రొద ఒక్కటే దాన్ని మింగగలదు.

"ఒకటి తీస్తే రంగు సరిగ్గా రాదండీ, మిషను వేడెక్కాలి" అని ఆ ఫొటోనే నలభై కాపీలు కొట్టాను. మిషను గడగడలాడింది. నేను ఇంకా గట్టిగా దాన్ని తిట్టాను, దరిద్రపు మిషను, మాయదారి మిషను అని, చేత్తో చరుస్తూ. ఆ రొద మధ్యలో వెనక కీచుమని ఒక శబ్దం వచ్చింది. నాకు మాత్రం తెలిసింది. అతను తల తిప్పాడో లేదో నేను చూడలేదు. చూసే ధైర్యం లేదు.

తరవాత ఫోను తీసి బడి గుమాస్తాకు చేశాను. బడి ఫారాలన్నీ నా దగ్గరే ప్రింటు అవుతాయి.

"ఏమండీ, ఆ నాలుగో తరగతిది ఇవాళ పంపకండి. మీ దగ్గరే ఉంచండి."

"ఏ ఫారాలమ్మా? నాలుగో తరగతివి పోయిన వారమే ఇచ్చావుగా."

"అదేనండీ, చిన్నది. మా దగ్గరికి రోజూ వచ్చేది. ఇవాళ రాకూడదు. మిషను దగ్గర మనిషున్నాడు."

మంచి మనిషి, కొంచెం మందం. చివరికి, "చిట్టినా?" అన్నాడు మెల్లగా.

"ఆ. అదే. నేనే వచ్చి తీసుకుంటా."

ఫోను పెట్టేసరికి అతను లేచి ట్రేలోంచి ఆ నలభై కాపీలూ తీసి, అంచులు కౌంటరుకు కొట్టి సరిచేశాడు.

"మీకు ఒకటి చాలుగా" అన్నాను.

"పనికొస్తాయి అక్కయ్యా. ప్రతి దర్జీకీ ఒకటి ఇస్తాను."

డబ్బులిచ్చి, చెప్పులేసుకుని, పక్క షాపు మొదలుకుని అడుగుతూ వెళ్ళాడు. నా చేత్తో నేను కొట్టిచ్చిన కాగితాలు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

బడి దగ్గరికి చుట్టుదారిన వెళ్ళాను. గుమాస్తా గదిలో, అలమారాల మధ్య తల్లీకూతుళ్ళు ఒకే కుర్చీలో కూర్చుని ఉన్నారు. పిల్ల ఏడవడం లేదు. దాని కొత్త బూట్ల లేసులు ఆమె గట్టిగా బిగిస్తోంది, ఒకసారి బిగించింది విప్పి మళ్ళీ బిగిస్తోంది.

"ఫొటో నువ్వే పెట్టావా అక్కా?"

"ఊ."

తిడుతుందని చూశాను. తిడితే బాగుండు.

"నీ పేరు పెట్టలేదే. ముఖం కూడా పెట్టలేదు" అన్నాను. సిగ్గులేని నోరు, ఇంకా సమర్థించుకుంటోంది.

"పేరు పెట్టినా బాగుండేదక్కా. ఆ పేరుతో వెయ్యిమంది ఉంటారు. ముఖం పెట్టినా, మూడేళ్ళలో సగమైపోయాను, పోల్చేవాడు కాదేమో." తన కుడిచెయ్యి చూసుకుంది. "ఇక ఇది కుట్టను. వేరేగా కుడదామన్నా చెయ్యి అటే పోతుంది. ఎక్కడో గిన్నెలు తోముకుంటాను."

"ఎక్కడికి వెళ్తావే?"

"నీకు తెలిస్తే నువ్వు అబద్ధం ఆడాల్సొస్తుంది. నీకు చేతకాదు."

"ఒక్క ముక్క, ఎవరి ఫోనులోంచైనా..."

"వద్దక్కా. నా నుంచి ఏమీ రాదు. చూడకు."

చిట్టి నన్ను చూసింది. "పెద్దమ్మా, నా లెక్కల పుస్తకం నీ షాపులో ఉంది" అంది. తెచ్చిస్తానన్నాను. తేవడానికి వీల్లేదని మా ముగ్గురికీ తెలుసు. అరగంట దాకా గదిలోంచి బయటికి రావద్దంది ఆమె, ఎటు వెళ్ళారో నాకు కనబడకూడదని. గోడ వైపు తిరిగి కూర్చున్నాను. గుమాస్తా మంచినీళ్ళిచ్చాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. ఫొటో తీసేశాను. తీసేస్తే మాత్రం? అప్పటికే ఎంతమంది దాచుకుని మళ్ళీ పెట్టారో లెక్కలేదు, 'అద్భుతమైన పనితనం' అని. పోలీసు స్టేషనుకు వెళ్ళాను. ఆమె నాకేమవుతుందని అడిగారు. ఏమీ కాదన్నాను. మొగుడు అప్పుడే భార్యాబిడ్డలు తప్పిపోయారని కాగితం ఇచ్చి ఉన్నాడట, మీకు తెలిసింది చెప్పండి, అతనికి చేరవేస్తాం అన్నారు. నోరుమూసుకుని వచ్చేశాను.

తరవాతి నెల మొదటి ఆదివారం, పదకొండింటికి, అతను మళ్ళీ వచ్చాడు. చెప్పులు విడిచాడు, అదే స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏమైనా కబురు తెలిసిందా అక్కయ్యా?"

"నాకెవరు చెప్తారు? అక్కయ్యేమిటి, ఎవరికి అక్కయ్యని?"

"మీకు అబద్ధం రాదు. మీ చెవులు ఎర్రబడతాయి" అని నవ్వి, తన నంబరు చీటీ మీద రాసిచ్చి వెళ్ళాడు. ఆ రోజు స్టూలు కడిగేశాను. నీ చేతులు పడిపోను, నీ కళ్ళు పోను అని నోటికొచ్చినట్టు శపించాను.

రెండో నెల వచ్చాడు. అదే ప్రశ్న. అతను వెళ్ళాక తలుపు దగ్గర నిలబడి ఉండగా నాకు తట్టింది. అడుగుతున్నాడంటే దొరకలేదన్నమాట. ఇంకా ఎక్కడో ఉన్నారు, బతికే ఉన్నారు. ఆమె గురించి నాకు తెలిసే దారి ప్రపంచంలో ఇంకొకటి లేదు, ఈ దుర్మార్గుడు ఒక్కడే. ఆ రోజు ఇంటికెళ్ళి, అయిదు వారాలకు మొదటిసారి కడుపు నిండా తిన్నాను.

అప్పట్నుంచి నెల మొదటి ఆదివారం కోసం ఎదురుచూడడం మొదలుపెట్టాను. చెప్పుకుంటే సిగ్గు. ఆదివారం బేరాలుండవు, అయినా షాపు తీసేదాన్ని. టీ తెప్పించేదాన్ని. కబురు తెలిసిందా అక్కయ్యా అంటే, లేదు నాయనా అనేదాన్ని, లోపల దండం పెట్టుకునేదాన్ని. ఇస్త్రీ అతను చూసి మండిపడ్డాడు.

"వాడికి టీ ఏంటక్కా? ఆ అమ్మాయి పారిపోయింది వాడి వల్లే కదా, మాకు తెలీదనుకున్నావా?"

వాడికేం చెప్పను. ఆ మొగుడు మూడో నెల వచ్చాడు, నాలుగో నెల వచ్చాడు. అయిదో నెల వచ్చినప్పుడు కొంచెం చిక్కాడు. దర్జీలందరినీ అడిగాననీ, కాజాలు ఎక్కడా కనబడడం లేదనీ చెప్పాడు. ఇంకెలా వెతకాలో మీరే చెప్పండక్కయ్యా, మీకు ఫోన్లూ అవీ బాగా తెలుసు కదా అన్నాడు. నాకేం తెలుసు, ముసలిదాన్ని అన్నాను. వెళ్ళేటప్పుడు, చిట్టి మర్చిపోయిన లెక్కల పుస్తకం కౌంటరు కింద అరలో ఉంటే అటు చూశాడు. చెప్పులేసుకుని దిగిపోయాడు.

ఈ నెల మొదటి ఆదివారం అతను రాలేదు.

బస్సు తప్పిందేమో అనుకున్నాను. జ్వరమేమో, చచ్చాడేమో అని కూడా ఆశపడ్డాను. రెండో ఆదివారం వరకు ఆగి, కూరగాయలావిడ ఫోనులోంచి చీటీ మీది నంబరుకు చేశాను. మోగింది, మోగింది, ఎవరూ తీయలేదు. సాయంత్రం చేస్తే ఆపేసి ఉంది. అప్పట్నుంచీ ఆపేసే ఉంది. రోజూ పొద్దున లేవగానే ఫోన్లో అన్ని ఊళ్ళ వార్తలూ చూస్తాను, తల్లీకూతురూ అన్న మాట కనబడితే చాలు, చివరిదాకా చదువుతాను. ఇంతవరకు వాళ్ళు కాదు. పేర్లు వేరు. కానీ ఆమె అసలు పేరు నాకు తెలిస్తే కదా.

ఇవాళ మూడో ఆదివారం. పొద్దున్నే షాపు తీసి, స్టూలు తుడిచి, గుమ్మానికి ఎదురుగా వేశాను. వీధి మొదట్లో ఎవరు తెల్లచొక్కా వేసుకుని మలుపు తిరిగినా లేచి నిలబడుతున్నాను. నేను నోరారా శపించిన మనిషి వాడు. వాడు రావాలి. వచ్చి, చెప్పులు విడిచి, ఏమైనా కబురు తెలిసిందా అక్కయ్యా అని నన్ను అడగాలి. ఇంకేం వద్దు నాకు.

పదకొండు దాటింది. పన్నెండు కూడా దాటింది. ఇస్త్రీ అతను భోజనానికి వెళ్తూ ఆగాడు.

"ఇంక కట్టెయ్యవా అక్కా? ఆదివారం ఎవరొస్తారు?"

"ఇంకాసేపు చూస్తాను" అన్నాను.